కాగితం వదిలేసిన పని

అందరికీ నమస్కారం.

నేను స్ట్రక్చరల్ ఇంజనీరుని, అంటే డ్రాయింగులు గీసే పక్షానివాణ్ణి. డ్రాయింగులోనే తేల్చాల్సిన పనిని సైటుకు వదిలేయడమనే తప్పు గురించి ఈ రోజు చెప్పబోతున్నాను. అందులో నాకూ వాటా ఉంది.

దూలం, స్తంభం కలిసే చోటు చూడండి. డ్రాయింగులో అది గీతలు కలిసే బిందువు. సైటులో అక్కడికి నాలుగు వైపుల నుంచి దూలాల చువ్వలు వస్తాయి, కింది నుంచి స్తంభం చువ్వలు లేస్తాయి, చుట్టూ రింగులు పడాలి. కాంక్రీటులో వేసే కంకర 20 మిల్లీమీటర్లు. చువ్వల మధ్య సందు 15 మిల్లీమీటర్లే మిగిలితే కంకర పైనే ఆగిపోతుంది, లోపల తేనెతుట్టెలా బోలు మిగులుతుంది. ఇనుము ఎంత కావాలో లెక్కించే సాఫ్ట్‌వేర్ ఈ సంగతి అడగదు. అడిగేది ఇనుము కట్టే మేస్త్రీ.

చేత్తో గీసే రోజుల్లో ఆ కూడలిని పెద్దది చేసి గీయక తప్పేది కాదు. గీస్తుంటేనే ఇరుకు తెలిసేది. ఇప్పుడు పాత ప్రాజెక్టులోని వివరం తెచ్చి అతికిస్తాం, మూలన ‘కొలతలు సైటులో సరిచూసుకోవలెను’ అని రాస్తాం. ఆ ఒక్క వాక్యంతో మా పని మేస్త్రీ నెత్తిన పడుతుంది. ఫీజు మాత్రం మా దగ్గరే ఉంటుందనుకోండి!

నేర్పున్న వెల్డరు, ప్లంబరు, వడ్రంగి దొరకడం లేదని అందరూ అంటున్నారు. పాతవారు విరమిస్తున్నారు, కొత్తవారు రావడం లేదు, నిజమే. కానీ మనకు కావలసింది చేతులు మాత్రమే కాదు. మురుగు పైపు దిగాల్సిన చోట దూలం అడ్డొస్తే ఆ సంగతి ముందే పసిగట్టేవారు కావాలి. డ్రాయింగులో ఖాళీలు పెరిగినకొద్దీ అలాంటివారి అవసరమూ పెరుగుతుంది.

1981 జూలై 17న అమెరికాలోని కాన్సాస్ సిటీలో హయత్ రీజెన్సీ హోటల్‌లో వేలాడే నడకదారులు కూలి 114 మంది చనిపోయారు. రెండో, నాలుగో అంతస్తుల నడకదారులను ఒకే పొడవైన కడ్డీలకు వేలాడదీయాలన్నది మొదటి డిజైన్. అలా చేయాలంటే పై నట్టు ఎక్కించడానికి కడ్డీకి చాలా పొడవునా మర తీయాలి. అందుకని ఒక్కో కడ్డీ స్థానంలో రెండు వేశారు: పైకప్పు నుంచి నాలుగో అంతస్తు నడకదారికి ఒకటి, దాని నుంచి రెండో అంతస్తు నడకదారికి ఇంకొకటి. అంటే కింది నడకదారి పైదాని మీద వేలాడింది. నాలుగో అంతస్తు నట్టు మీద భారం రెట్టింపైంది. ఎవరూ మళ్లీ లెక్క వేయలేదు. మొదటి డిజైన్ కూడా నిబంధనలు కోరిన బలానికి తక్కువేనని దర్యాప్తులో తేలింది.

సైటువాళ్లు డ్రాయింగు మార్చకూడదనడానికి దీన్ని ఉదాహరణగా చెబుతుంటారు. నాకు అలా తోచదు. కట్టడానికి వీలుగా లేని గీత గీసింది మొదట మనవాళ్లే. మార్పు తిరిగి వచ్చినప్పుడు చూడాల్సిందీ మనవాళ్లే.

ఈమధ్య ఒక డ్రాయింగును ఖరారు చేసే ముందు ఇనుము కట్టే మేస్త్రీ ముందు పరిచాను. ఆయన చాలాసేపు చూసి, “చువ్వలు సరేనండీ, కట్టుతీగ బిగించడానికి నా చెయ్యి ఎటు నుంచి దూరుతుంది?” అన్నాడు. స్తంభం వెడల్పు 75 మిల్లీమీటర్లు పెంచి మళ్లీ గీశాం.