నొప్పి లేదని ఊరుకోకండి

వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండమ్మా. మగవాళ్లు లేచి వెళ్లక్కర్లేదు, అరుదుగానే అయినా రొమ్ము క్యాన్సర్ మీకూ వస్తుంది, పైగా చాలా ఇళ్లలో ఆస్పత్రికి ఎప్పుడెళ్లాలో తేల్చేది మీరే కదా.

రొమ్ములో తగిలే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. ఇరవైల్లో ఉన్న అమ్మాయిలకు తరచుగా వచ్చేది ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ, నున్నగా ఉండి వేలితో నొక్కితే పక్కకు జారిపోతుంది. నలభైకి అటూ ఇటూ నీటి తిత్తులు వస్తాయి. నెలసరికి ముందు రొమ్ములు బరువెక్కి, గడ్డలు గడ్డలుగా అనిపించి తర్వాత తగ్గడం మామూలే. పాలిచ్చే తల్లికి చీము పట్టి జ్వరం వస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు.

ఇక నాకు కోపం తెప్పించే మాట ఒకటుంది: "నొప్పి లేదు కదా డాక్టరమ్మా, అందుకే రాలేదు." క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పే పుట్టించదు, గట్టిగా, కదలకుండా, అంచులు ఎగుడుదిగుడుగా ఉంటుంది, నొప్పి లేదనే ధీమాతో నెలలు గడిచిపోతాయి. చర్మం సొట్ట పడినా, నారింజ తొక్కలా గరుకుగా మారినా, చనుమొన కొత్తగా లోపలికి లాక్కుపోయినా, రక్తం కారినా, చంకలో గడ్డ తగిలినా చూపించుకోవాలి.

నెలసరి అయిపోయిన మూడు నాలుగు రోజులకు స్నానం చేసేటప్పుడు చేత్తో చూసుకోండి, మీ ఒంట్లో ఏది మామూలో మీకు తెలుస్తుంది. కానీ అది ఒక్కటే చాలదు, శిక్షణ ఉన్నవాళ్లతోనూ చూపించుకోవాలి. ముంబైలో టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆస్పత్రి వాళ్లు లక్షన్నర మంది ఆడవాళ్లతో 20 ఏళ్లు అధ్యయనం చేశారు, మామోగ్రామ్, అంటే రొమ్ముకు తీసే ఎక్స్‌రే లేకుండా, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేత్తో పరీక్షించారంతే. 50 దాటినవాళ్లలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయని 2021లో ప్రకటించారు. అంత మామూలు పరీక్షతో!

గడ్డ ఉంటే డాక్టరు చేత్తో చూసి స్కానింగో, వయసును బట్టి మామోగ్రామో రాస్తారు, అనుమానం ఉంటే సూదితో చిన్న ముక్క తీస్తారు. సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి పుకారు, దాన్ని నమ్మి పసరు కట్లు కట్టించుకుంటూ కూర్చుంటేనే అసలు ప్రమాదం.

30 దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో చేత్తో చేసే రొమ్ము పరీక్ష ఉచితం. ఈరోజు పక్క గదిలో ఏఎన్ఎం ఉన్నారు, తలుపు వేసే చూస్తారు, ఒక్కొక్కరే వెళ్లండి, అత్తాకోడళ్లు కలిసి వెళ్తానన్నా సరే.