పడమటి గోడకు పచ్చని తెర

శ్రోతలకు నమస్కారం.

ఏప్రిల్ నెలలో ఏ రాత్రి అయినా, తొమ్మిది దాటాక, మీ ఇంటి పడమటి గోడకు లోపలివైపు అరచేయి ఆనించి చూడండి. పొద్దు గుంకి రెండు గంటలు దాటినా ఆ గోడ వెచ్చగానే ఉంటుంది. మధ్యాహ్నమంతా తాగిన ఎండను తొమ్మిది అంగుళాల ఇటుక గోడ వెంటనే వదిలిపెట్టదు. ఆ వేడి నెమ్మదిగా లోపలికి పాకి, సరిగ్గా మనం పడక వేసుకునే వేళకు గదిలోకి చేరుతుంది. ఇటువంటి గోడలు వేలకు వేలు పక్కపక్కనే నిలబడి ఉండటం కూడా, శివార్లలోని పొలాలు చల్లబడిన తరువాత నగరం చల్లబడకపోవడానికి ఒక ముఖ్య కారణం. వేడెక్కిన గోడల మధ్య ఏసీ పెట్టి గదిని చల్లబరచుకోవడం ఒక పద్ధతి. అసలు ఎండను గోడ దాకా రానివ్వకపోవడం మరొక పద్ధతి. ఈ రెండవ పద్ధతికి మన హైదరాబాదులోనే చక్కని ఉదాహరణ ఒకటి ఉంది.

కేఎంసీ అనే నిర్మాణ సంస్థ ప్రధాన కార్యాలయం అది. వాస్తుశిల్పి రాహుల్ మెహ్రోత్రా రూపకల్పన చేసిన ఆ భవనం 2012లో పూర్తయింది. దానికి రెండు పొరలున్నాయి. లోపలి పొర అన్ని కార్యాలయాలకూ ఉండే కాంక్రీటు కట్టడమే. దానికి తెరుచుకునే అల్యూమినియం కిటికీలు ఉంటాయి. అసలు విశేషమంతా బయటి పొరలో ఉంది. అది పోత పోసిన అల్యూమినియం జాలీ. ఆ జాలీ పొడవునా వరుసలు వరుసలుగా ట్రేలు అమర్చి, వాటిలో మట్టి లేకుండా, పోషకాలు కలిపిన నీటితోనే రకరకాల మొక్కలను పెంచుతారు. ప్రతి వరుసకూ డ్రిప్ గొట్టాల ద్వారా నీరు అందుతుంది. దీనికి తోడు సన్నని తుంపర చిమ్మే ఏర్పాటు ఒకటి ఉంది. అది ఆకుల మీది దుమ్మును కడుగుతుంది, లోపలికి వెళ్లే గాలిని చల్లబరుస్తుంది. వెనుకటి రోజుల్లో వేసవి రాగానే కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లేవారు కదా, ఆ తడికే వేళ్లూని, చిగురు వేసి, ఒక్కొక్క ఋతువులో ఒక్కొక్క చోట పూలు పూస్తే ఎలా ఉంటుందో ఈ గోడ అలా ఉంటుంది.

ఈ భవనంలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం మరొకటి ఉంది. మొక్కలకు నీళ్లుంటే చాలదు, చేయి కూడా కావాలి. ఎండుటాకులు తుంచడానికి, కొమ్మలు కత్తిరించడానికి తోటమాలులు ఆ బయటి పొర వెంట అన్ని అంతస్తులలోనూ తిరుగుతారు. కిటికీకి ఇవతల బల్ల దగ్గర ఉద్యోగి, అవతల మొక్క దగ్గర తోటమాలి; ఇద్దరూ ఎదురెదురుగా, ఒకే ఎత్తులో ఒకరికొకరు కనిపిస్తారు. మామూలుగా గేటు దగ్గరే ఆగిపోయే మనిషి ఇక్కడ పై అంతస్తు కిటికీ ముందు నిలబడతాడు. అంతస్తుల భేదాన్ని కొంతైనా కరిగించాలన్నది వాస్తుశిల్పి ఉద్దేశాలలో ఒకటి. పచ్చదనం గురించి మాట్లాడేటప్పుడు, దానిని బతికించే మనిషిని కూడా లెక్కలోకి తీసుకున్న కట్టడాలు చాలా అరుదని నా అభిప్రాయం.

ఇక ఈ చల్లదనం ఎలా వస్తుందో చూద్దాం. నీడ ఒక పని చేస్తుంది, ఆవిరి మరొక పని చేస్తుంది. ఆకు ఎండను తన మీద వేసుకుంటుంది కాబట్టి గోడకు ఎండ తగలదు. అయితే రేకు అడ్డం పెట్టినా నీడ వస్తుంది కదా అని మీరు అడగవచ్చు. రేకు కాలిపోతుంది, ఆ సెగను మళ్లీ గోడ మీదికే వదులుతుంది. ఆకు అంతగా కాలదు, ఎందుకంటే అది తన సన్నని రంధ్రాల గుండా నీటిని ఆవిరిగా విడిచిపెడుతూ ఉంటుంది. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి. కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే అది ఒక యూనిట్‌లో మూడింట రెండు వంతులు. ఆ వేడి అంతా ఆకు నుంచీ, దాని చుట్టూ ఉన్న గాలి నుంచీ వస్తుంది. విశాఖపట్నం వంటి తీరప్రాంత నగరాలలో గాలిలో తేమ ఎక్కువ కనుక ఆవిరి వల్ల కలిగే లాభం తగ్గుతుంది, నీడ వల్ల కలిగే లాభం మాత్రం తగ్గదు.

మనలో చాలామందికి జాలీలూ, ట్రేలూ, తుంపర యంత్రాలూ అందుబాటులో ఉండవు. అందుకే ఇంటి మట్టుకు నేను ఒక్క మాటే చెబుతాను: పడమటి గోడను చూసుకోండి. దక్షిణపు గోడ గురించి చాలామంది బెంగ పెట్టుకుంటారు గాని, మే రెండవ వారానికి హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, ఆ తరువాత కొంత కాలం ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఆ నెలల్లో దక్షిణపు గోడకు ఎండ తక్కువ. మూడు గంటల తరువాత ఏటవాలుగా వచ్చే ఎండనంతా భరించేది పడమటి గోడ.

ఆ గోడకు పైనా కిందా కొక్కేలు బిగించి, గోడకు జానెడు దూరంలో నిలువునా ఇనుప తీగలు లాగండి. ఆ జానెడు ఖాళీ ముఖ్యం. దానిలో గాలి ఆడుతుంది, తడి గోడకు అంటదు, వేళ్లు సిమెంటు పూతలోకి దిగవు. కింద పాదు చేసి రాధామనోహరం నాటితే, తొలకరికి నాటినది మరుసటి వేసవికి బాగా అల్లుకుంటుంది. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు మరునాటికి గులాబి రంగుకు, ఆపైన ఎరుపుకు తిరగడం కూడా చూడవచ్చు. అంత కాలం ఆగలేనివారు ఫిబ్రవరి మొదట్లో బీరగానీ కాకరగానీ పెడితే ఏప్రిల్ నాటికి తీగ గోడను కప్పుతుంది, కూరకూ కాయలిస్తుంది. అపార్ట్‌మెంట్లలో ఉండేవారు పడమటి బాల్కనీలో పెద్ద తొట్టి పెట్టుకుని, పిట్టగోడ నుంచి పై సజ్జ వరకు తీగలు కట్టుకోవచ్చు. నీటికి కుళాయి మీదనే ఆధారపడనక్కరలేదు. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పోయండి, ఏసీ నుంచి కారే నీటి గొట్టం కొసను తొట్టిలోకి తిప్పండి, తొట్టి అడుగున నీరు నిలవకుండా రంధ్రం ఉందో లేదో ముందుగానే చూసుకోండి.