30 ఏళ్ళ ప్రవాసం, 15 ఏళ్ళ పదవి: శామ్ నుజోమా రాజకీయాలపై చర్చ

వ్యాఖ్యాత: నమస్కారం. ఆఫ్రికా అనగానే మనకు మండేలా గుర్తొస్తారు. ఆయన దేశం దక్షిణాఫ్రికా పక్కనే ఉంది నమీబియా, 1990లో స్వాతంత్ర్యం వచ్చేదాకా దాని ఏలుబడిలోనే ఉండేది. దాని తొలి అధ్యక్షుడు శామ్ నుజోమా 1960లో దేశం దాటి 1989లో తిరిగొచ్చారు. 1990 నుంచి 2005 దాకా పాలించారు, 2025 ఫిబ్రవరి 8న 95 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. పరాయి దేశాల్లో ఉంటూ ఒక పార్టీని అన్నేళ్ళు ఎలా నడిపారు, దానికి ఎవరు ఏం చెల్లించుకున్నారు అన్నదే ఇవాళ్టి చర్చ. చరిత్ర మాస్టారు, విశ్రాంత దౌత్యవేత్త, అంతర్జాతీయ న్యాయం బోధించే మేడమ్ మనతో ఉన్నారు. మాస్టారూ, మొదట ఆయన ఎందుకు వెళ్ళాల్సొచ్చింది?

చరిత్ర అధ్యాపకుడు: కూలీల గొడవతో మొదలైందండి. ఉత్తరాన ఒవాంబోలాండ్ నుంచి మగవాళ్ళను గనులకీ, పొలాలకీ కాంట్రాక్టు మీద తీసుకెళ్ళేవారు. పెళ్ళాం పిల్లలను వెంట తీసుకెళ్ళడానికి లేదు. మధ్యలో మానేస్తే నేరం. నుజోమా విండ్‌హుక్‌లో రైల్వేలో ఊడ్చే పని చేస్తూ రాత్రి బడిలో చదువుకున్నారు. 1959 ఏప్రిల్‌లో పెట్టిన ఒవాంబోలాండ్ పీపుల్స్ ఆర్గనైజేషన్ మొదటి డిమాండు ఈ కాంట్రాక్టు పద్ధతి పోవాలనే. అదే ఏడాది డిసెంబరు 10న, నల్లవాళ్ళ పేట ‘ఓల్డ్ లొకేషన్’ ఖాళీ చేసి కటుటూరాకు పొమ్మన్నందుకు జనం ఎదురు తిరిగితే పోలీసులు కాల్చారు. కనీసం 11 మంది పోయారు. నుజోమాను పట్టుకున్నారు, కేసులు పెట్టారు. 1960 ఫిబ్రవరి 29న ఆయన బెచువానాలాండ్, అంటే ఇప్పటి బోట్స్‌వానా సరిహద్దు దాటేశారు. భార్య, పిల్లలు అక్కడే ఉండిపోయారు. ఏప్రిల్‌లో పార్టీ పేరు స్వాపో (సౌత్ వెస్ట్ ఆఫ్రికా పీపుల్స్ ఆర్గనైజేషన్)గా మారింది. ఆయన ఊళ్ళో లేకుండానే అధ్యక్షుడయ్యారు.

వ్యాఖ్యాత: పాస్‌పోర్టు?

చరిత్ర అధ్యాపకుడు: అదెక్కడిదండీ? రెండు రొడీషియాలూ, అంటే ఇప్పటి జింబాబ్వే, జాంబియా దాటి టాంగన్యీకా (ఇప్పటి టాంజానియా) చేరాక అక్కడి నాయకుడు నైరేరే మనుషులు సాయం పట్టారు. అక్కణ్ణుంచి ఖార్టూమ్, అక్రా, మన్రోవియా మీదుగా న్యూయార్క్. ఆ జూన్‌లోనే ఐక్యరాజ్యసమితి కమిటీ ముందు మాట్లాడారు.

న్యాయ నిపుణురాలు: ఆ మాట్లాడే హక్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పుకోవాలి. మొదటి యుద్ధం తర్వాత జర్మనీ దగ్గర నుంచి లాక్కున్న ఈ నేలను నానాజాతి సమితి దక్షిణాఫ్రికాకు మ్యాండేట్ కింద, అంటే సమితి తరఫున చూసుకోమని అప్పగించింది. రెండో యుద్ధం అయ్యాక దాన్ని తమ దేశంలో కలిపేసుకుంటామని దక్షిణాఫ్రికా 1946లో అడిగింది. జనరల్ అసెంబ్లీ కుదరదంది. అప్పుడు గట్టిగా అడ్డుపడిన వాళ్ళలో మనమూ ఉన్నాం, ఇంకా స్వాతంత్ర్యం కూడా రాకముందే. 1950లో అంతర్జాతీయ న్యాయస్థానం మ్యాండేట్ ఇంకా బతికే ఉందని చెప్పింది. 1956లో, అక్కడి మనుషులు స్వయంగా వచ్చి విన్నవించుకోవచ్చని మరో అభిప్రాయం ఇచ్చింది. ఆ 1956 అభిప్రాయమే లేకపోతే ఈయన న్యూయార్క్ వెళ్ళినా లోపలికి రానిచ్చేవారు కాదు.

వ్యాఖ్యాత: అయితే కోర్టు వీళ్ళ పక్షమేనన్నమాట.

న్యాయ నిపుణురాలు: 1966 దాకా. ఇథియోపియా, లైబీరియా 1960లో హేగ్‌లోని అదే కోర్టులో దక్షిణాఫ్రికా మీద దావా వేశాయి. ఆరేళ్ళు నడిచాక 1966 జులై 18న, అసలు ఈ రెండు దేశాలకు అడిగే అర్హతే లేదని కొట్టేశారు. ఓట్లు 7–7. అధ్యక్షుడు స్పెండర్ తన నిర్ణాయక ఓటు వేస్తే తేలింది. తప్పొప్పుల జోలికే పోలేదు. నాకైతే ఆ కోర్టు చరిత్రలో అంత నాసి తీర్పు ఇంకోటి కనబడదు.

చరిత్ర అధ్యాపకుడు: తీర్పుకు నాలుగు నెలల ముందు నుజోమా చేసిన పని చూడండి. ప్రవాసులు ఎప్పుడైనా ఇంటికి రావచ్చు, మేం ఆపడం లేదని దక్షిణాఫ్రికా హేగ్‌లో చెబుతోంది కదా. సరే, చూద్దామని ఆయన, పార్టీ సహచరుడు పొహాంబా కలిసి ఒక విమానం అద్దెకు మాట్లాడుకుని 1966 మార్చిలో తిన్నగా విండ్‌హుక్‌లో దిగారు. విమానాశ్రయంలోనే పట్టుకుని మర్నాడు వెనక్కి పంపేశారు. వాదన అబద్ధమని తేలిపోయింది. కేసు మాత్రం గెలవలేదనుకోండి.

దౌత్యవేత్త: తీర్పు వచ్చిన ఆరు వారాల్లోపే, ఆగస్టు 26న, ఉత్తరాన ఒముగులుగ్వోంబాషేలో స్వాపో శిబిరం మీద పోలీసులు హెలికాప్టర్లతో దిగారు. సాయుధ పోరాటం మొదలైంది ఆ రోజునే అంటారు. సైనికంగా చూస్తే అది ఓటమే. లోపలున్న నాయకులు చాలామంది దొరికిపోయారు. తోయివో యా తోయివోకు 20 ఏళ్ళు వేసి రాబెన్ ద్వీపానికి పంపారు. నుజోమాతో సమానంగా నిలబడగలిగిన మనిషి 1984 దాకా జైల్లో ఉన్నారు. బయట నుజోమాకు ఎదురు లేకపోవడానికి ఇది ఒక కారణం.

వ్యాఖ్యాత: సార్, డబ్బు, ఆయుధాలు, తిండి... ఇవన్నీ ఎవరిచ్చారు?

దౌత్యవేత్త: ఆఫ్రికా ఐక్యతా సంస్థ 1963లో దారెస్సలాంలో విముక్తి కమిటీ పెట్టింది. మొదట స్వాపోనూ, పోటీ పార్టీ స్వానూనూ రెంటినీ గుర్తించింది. అయితే కమిటీ ఒకే ప్రశ్న అడిగేది: మీరు తుపాకీ పడతారా? స్వాపో పడతానంది, టాంజానియాలో కొంగ్వా శిబిరంలో కుర్రాళ్ళను దించింది. స్వానూ తటపటాయించింది. 1965లో దాని గుర్తింపు పోయింది. ఆయుధాలు ప్రధానంగా సోవియట్ నుంచి, తిండీ బట్టా మందులూ స్వీడన్ లాంటి నార్డిక్ దేశాల నుంచి. చర్చి సంస్థలు ఉండనే ఉన్నాయి. తుపాకీ ఇచ్చేవాడితో ఒక మాట, పాలపొడి ఇచ్చేవాడితో ఇంకో మాట మాట్లాడుతూ ఇద్దరినీ పోగొట్టుకోకుండా ఉండటం నుజోమా పనితనం. చదువు లేదని న్యూయార్క్‌లో కొందరు చులకన చేసేవారు. వాళ్ళెవరూ మిగల్లేదు, ఈయన మిగిలారు.

న్యాయ నిపుణురాలు: కాగితాల సంగతి కూడా ఉంది. 1966 అక్టోబరులో జనరల్ అసెంబ్లీ మ్యాండేట్ రద్దు చేసింది, 1967లో నమీబియా కోసం సమితి కౌన్సిల్ పెట్టింది. ఆ కౌన్సిల్ ప్రయాణ పత్రాలు ఇచ్చేది. సెంటు భూమి కూడా చేతిలో లేని ప్రభుత్వం పాస్‌పోర్టు లాంటిది ఇస్తే, దాని మీద దేశాలు వీసా ముద్ర వేశాయి. 1976లో జాంబియా రాజధాని లుసాకాలో నమీబియా ఇన్‌స్టిట్యూట్ తెరిచి రేపటి గుమాస్తాలకీ, అధికారులకీ శిక్షణ ఇచ్చారు. దాని డైరెక్టర్ హాగే గైన్‌గోబే తర్వాత తొలి ప్రధాని. అదే ఏడాది డిసెంబరులో జనరల్ అసెంబ్లీ స్వాపోను నమీబియా ప్రజల ‘ఏకైక, నిజమైన ప్రతినిధి’ అంది.

చరిత్ర అధ్యాపకుడు: ‘ఏకైక’ అన్న బిరుదు ఇచ్చిన ఏడాదిలోనే లోపల ఏం జరిగిందో చెప్పకపోతే కథ సగమే అవుతుంది మేడమ్. 1974లో పోర్చుగల్‌లో సైన్యం తిరగబడింది. దాని వలస దేశం అంగోలాతో ఉన్న సరిహద్దు, దాదాపు 1,400 కిలోమీటర్లు, తెరుచుకుంది. నమీబియా నుంచి వేల మంది కుర్రాళ్ళు దాటి జాంబియా చేరారు. అంతకుముందే కాంట్రాక్టు కూలీల సమ్మె చేసినవాళ్ళు, బళ్ళలో గొడవ చేసినవాళ్ళు. అడగడం అలవాటైనవాళ్ళు. సరిగ్గా అప్పుడే జాంబియా అధ్యక్షుడు కౌండా దక్షిణాఫ్రికా ప్రధాని ఫోర్‌స్టర్‌తో సంధి మాటల్లో ఉన్నారు. ఆతిథ్యం ఇచ్చినవాడు ఆగమంటే ఆగాలి. ఆయుధాలు అందలేదు, శిబిరాల్లో తిండి చాల్లేదు. కుర్రాళ్ళు లెక్కలు అడిగారు, పార్టీ మహాసభ పెట్టమన్నారు.

వ్యాఖ్యాత: పెట్టారా?

చరిత్ర అధ్యాపకుడు: లేదు. ప్రవాసంలో జరిగిన మహాసభ ఒక్కటే, 1969 చివర టాంగాలో మొదలైంది. మళ్ళీ మహాసభ 1991లో, అదీ విండ్‌హుక్‌లో, అధికారంలోకి వచ్చాక. మధ్యలో పెద్ద సమావేశాలు జరిగాయి కానీ నాయకుణ్ణి ప్రశ్నించి ఓటేసే సభ కాదు. 1976 ఏప్రిల్‌లో సమాచార కార్యదర్శి ఆండ్రియాస్ షిపాంగాను, మరికొందరిని జాంబియా ప్రభుత్వమే అరెస్టు చేసింది. వెయ్యికి పైగా యోధులను శిబిరంలో నిర్బంధించింది. షిపాంగా కోసం కోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్ పడింది. ఆ కోర్టు చెయ్యి అందకుండా వాళ్ళను టాంజానియాకు తరలించేశారు. 1978లో గానీ వదల్లేదు.

దౌత్యవేత్త: ఒక్కమాట. వీళ్ళు పారిస్‌లో కాఫీ తాగుతూ ఉన్న ప్రవాసులు కాదు. 1978 మే 4న దక్షిణాఫ్రికా విమానాలు అంగోలా లోపల కసింగా శిబిరాన్ని కొట్టి పారాట్రూపర్లను దించాయి. దాదాపు 600 మంది చనిపోయారు, ఆడవాళ్ళు, పిల్లలు ఎంతోమంది. శత్రువు కచ్చితంగా ఎక్కడ కొట్టాలో తెలుసుకుని కొడుతుంటే, లోపల ఎవరో చెబుతున్నారన్న అనుమానం రావడం సహజం.

చరిత్ర అధ్యాపకుడు: అనుమానం సహజమే సార్. లుబాంగోలో చేసింది సహజం కాదు. 1980లలో దక్షిణ అంగోలాలో స్వాపో భద్రతా విభాగం సొంత మనుషులను వందల్లో పట్టుకుంది. నేలలో తవ్విన గోతులకు పైకప్పు వేసి అందులో ఉంచారు. ఎక్కి రావడానికి నిచ్చెన. కొట్టి, నేను గూఢచారినని ఒప్పించి, ఆ ఒప్పుకోలును రికార్డు చేసేవారు. చదువుకున్నవాళ్ళు, దక్షిణ ప్రాంతంవాళ్ళు, ఒవాంబోలు కానివాళ్ళు ఎక్కువగా దొరికారు. హింసపెట్టి రాబట్టిన ఒక పేరు ఇంకో పది పేర్లు చెబుతుంది. అలా జాబితా పెరుగుతూనే పోతుంది. నిజమైన గూఢచారి దొరికినా ఈ పద్ధతిలో వేరుచేసి చూడలేరు.

వ్యాఖ్యాత: నుజోమాకు తెలుసా?

చరిత్ర అధ్యాపకుడు: ఆయన అధ్యక్షుడు, సర్వసేనాని. బాధ్యత నుంచి తప్పించే దారి నాకు కనబడదు. 1989 జులైలో 153 మంది బతికి విండ్‌హుక్ వచ్చి ఒంటి మీద మచ్చలు చూపించారు. రానివాళ్ళ గురించి కుటుంబాలు ఇంకా అడుగుతున్నాయి.

వ్యాఖ్యాత: మేడమ్, స్వాతంత్ర్యం చివరికి భద్రతామండలి తీర్మానం 435తోనే వచ్చింది. 1978లో చేసిన తీర్మానం 1989 దాకా ఎందుకు ఆగింది?

న్యాయ నిపుణురాలు: 435 ప్రణాళిక సులభంగానే ఉంటుంది. కాల్పుల విరమణ, రెండువైపులా బలగాలు స్థావరాల్లోకి, సమితి పర్యవేక్షణలో ఎన్నిక, రాజ్యాంగ సభ, ఆ పైన స్వాతంత్ర్యం. 1981 నుంచి రీగన్ ప్రభుత్వం ఒక మెలిక పెట్టింది: అంగోలా నుంచి క్యూబా సేనలు పోతేనే అని. 1988లో అంగోలాలోని క్వీటో క్వానవాలే పోరు తర్వాత గానీ ఆ ముడి విడలేదు. డిసెంబరు 22న న్యూయార్క్‌లో అంగోలా, క్యూబా, దక్షిణాఫ్రికా సంతకం చేశాయి. ‘ఏకైక, నిజమైన ప్రతినిధి’కి ఆ బల్ల దగ్గర కుర్చీయే లేదు.

దౌత్యవేత్త: దాని ఫలితం 1989 ఏప్రిల్ 1న కనబడింది. స్వాపో యోధులు అంగోలాలో 16వ అక్షాంశానికి ఉత్తరానే ఉండాలన్నది ఆ మూడు దేశాలు జెనీవాలో రాసుకున్న మాట. స్వాపో వాదన ఏమిటంటే, మా వాళ్ళు దేశంలోనే ఉన్నారు, 435 ప్రకారం అక్కడే స్థావరాల్లో చేరి సమితికి రిపోర్టు చేస్తారు అని. కాల్పుల విరమణ రోజే వందల మంది సరిహద్దు దాటి వచ్చారు. వాళ్ళను అందుకోవడానికి సమితి మనుషులు ఉత్తరాన దాదాపు లేరు. ఎందుకంటే 7,500 మంది సైనికుల ఖర్చు మీద భద్రతామండలి పెద్దలు బేరాలాడి 4,650కి దించారు, ఆ బేరంలో పుణ్యకాలం కాస్తా అయిపోయింది. సమితి ప్రతినిధి అహ్తిసారి దక్షిణాఫ్రికా సేనలను స్థావరాల నుంచి బయటికి రానిచ్చారు. తొమ్మిది రోజుల్లో స్వాపో వైపు 300 మంది దాకా చచ్చిపోయారు. నుజోమా చేసిన తప్పుల్లో ఇది పెద్దది. ఆ సమితి సేనకు కమాండర్ మనవారే, లెఫ్టినెంట్ జనరల్ దేవాన్ ప్రేమ్‌చంద్. ఆయన చేతికి సైన్యం సగం కూడా అందకముందే మొదలైపోయింది.

వ్యాఖ్యాత: అయినా ఎన్నిక జరిగింది.

దౌత్యవేత్త: జరిగింది. సెప్టెంబరు 12న స్వాపో నాయకుడు, తెల్లజాతి లాయరు ఆంటన్ లుబోవ్‌స్కీని కాల్చి చంపారు. నుజోమా 14న రావాలి. వచ్చారు, విమానం దిగి నేలను ముద్దాడారు. నవంబరులో 97 శాతం పోలింగ్. 72 సీట్లలో స్వాపోకు 41, ప్రధాన ప్రత్యర్థి కూటమి డీటీఏకు 21.

న్యాయ నిపుణురాలు: ఇక్కడే అంకె చూడండి. రాజ్యాంగం ఆమోదించాలంటే మూడింట రెండొంతులు, 48 కావాలి. ఏడు తగ్గాయి. కాబట్టి ప్రతిపక్షంతో కూర్చోక తప్పలేదు. మూడు నెలల్లోపే, 1990 ఫిబ్రవరి 9న, రాజ్యాంగం సిద్ధమైంది. మరణశిక్ష లేదు, హక్కుల అధ్యాయం గట్టిది, అధ్యక్షుడికి రెండు దఫాలే. స్వాపోకు 50 సీట్లు వచ్చి ఉంటే ఇలాగే ఉండేదా అంటే, నాకు అనుమానమే.

వ్యాఖ్యాత: కానీ ఆయన మూడు దఫాలు చేశారుగా?

న్యాయ నిపుణురాలు: 1994లో స్వాపోకు మూడింట రెండొంతులు దాటి వచ్చాయి. 1998లో సవరణ. మొదటి దఫా ఆయన్ను రాజ్యాంగ సభ ఎన్నుకుంది, ప్రజలు నేరుగా కాదు, కాబట్టి అది లెక్కలోకి రాదన్నారు. తొలి అధ్యక్షుడికి మాత్రమే మినహాయింపు. దాన్ని తప్పుపట్టిన పాత గెరిల్లా బెన్ ఉలెంగా పార్టీ వదిలి సొంత పార్టీ పెట్టుకున్నారు.

చరిత్ర అధ్యాపకుడు: 2004లో వారసుణ్ణి ఎన్నుకునే సభకు కొద్ది రోజుల ముందు, పోటీలో ఉన్న విదేశాంగ మంత్రి హముతెన్యాను పదవి నుంచి తీసేశారు. సభలో పొహాంబా గెలిచారు, 1966లో ఆ విమానంలో పక్కన కూర్చున్న మనిషి. సభ పెట్టారు, ఓట్లు వేయించారు, అది నిజమే. ఎవరు గెలవాలో ముందే చెప్పడం మాత్రం లుసాకా నాటి అలవాటు.

దౌత్యవేత్త: వాల్విస్ బే సంగతి కూడా వేయండి లెక్కలో. దేశానికున్న ఒకే ఒక్క లోతు రేవు, స్వాతంత్ర్యం వచ్చాక కూడా దక్షిణాఫ్రికా చేతిలోనే ఉంది. తుపాకీ లేకుండా మాటలతో 1994 మార్చి 1కి రాబట్టారు. తెల్లవాళ్ళ పొలాలు లాక్కోలేదు, అమ్మేవాడు అమ్మితే కొనడమే అన్నారు.

చరిత్ర అధ్యాపకుడు: అందుకే భూమి పంపకం నత్తనడక నడిచింది సార్.

దౌత్యవేత్త: నడిచింది, ఒప్పుకుంటాను. పక్కనే జింబాబ్వేలో పరుగెత్తితే ఏమైందో కూడా చూశాం కదా.

వ్యాఖ్యాత: మేడమ్, చివరి ప్రశ్న. ఆ మూడో దఫా సవరణ తర్వాతివాళ్ళకూ దారి చూపించిందా?

న్యాయ నిపుణురాలు: లేదండి. మినహాయింపు ఒక్క మనిషికే రాసుకున్నారు కాబట్టి మిగిలినవాళ్ళకు రెండు దఫాల గీత అలాగే ఉంది. నుజోమా 2005లో దిగినా పార్టీ అధ్యక్ష పదవిని 2007 దాకా వదల్లేదు. పొహాంబా మాత్రం రెండు దఫాలు చేసి 2015లో గైన్‌గోబ్‌కు అప్పగించి వెళ్ళిపోయారు.

వ్యాఖ్యాత: సమయం అయిపోయింది. ముగ్గురికీ ధన్యవాదాలు.