కాస్మిక్ జాజ్‌కు విజయనగరం చెవి

పెద్దలకు, సంగీత విద్యార్థులకు నమస్కారం.

మన ఊరి యువకులు కొందరు ఒక ఆల్బం తయారుచేస్తున్నారు. ఆకాశం, ఆధ్యాత్మికత వైపు చూసే కాస్మిక్ జాజ్, లయే ప్రాణమైన అమెరికా నల్లవారి ఫంక్, సినిమా నేపథ్య సంగీతం అందులో కలుస్తాయి. పని సగంలో ఉండగానే నాకు వినిపించి, నాకు అనిపించింది అనిపించినట్టు మీ అందరి ముందు చెప్పమన్నారు. పూర్తికాని పనిని నలుగురిలో పెట్టడానికి చాలా ధైర్యం కావాలి. ఆ ధైర్యం మీద గౌరవంతోనే మొహమాటపడకుండా మాట్లాడతాను.

ఆల్బంలోని ఒక ముక్కలో డ్రమ్స్, బేస్ గిటార్, సింథసైజర్ అన్నీ ముందే రికార్డు చేసుకుని, చివర్లో వాటి మీద వీణతో కల్యాణి రాగం వాయించారు. వీణ వాయించిన అమ్మాయి చేతిలో గమకం చక్కగా పలికింది. డ్రమ్స్ కూడా దిట్టంగా ఉన్నాయి. కానీ వీణ తీసేస్తే కింది సంగీతానికి లోటు లేదు, కింది సంగీతం తీసేస్తే వీణకూ లోటు లేదు. మరో ముక్కలో అసలు బేస్ గిటారే లేదు. ఆ స్థానంలో మన జానపద తీగ వాద్యం జముకు ఉంది. దాన్ని చుట్టుకుని డ్రమ్స్, ఆపైన శాక్సఫోన్. అందులో ఏ ఒక్కదాన్ని తీసినా మిగిలింది కూలిపోతుంది. మొదటి ముక్కలో వాద్యాలు పక్కపక్కన కూర్చున్నాయి, రెండో దాంట్లో కలిసిపోయాయి. ఈ తేడా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ఈ సంగీతం పుట్టిన చోటికి ఒకసారి వెళ్లి రావాలి.

సన్ రా అనే పియానో విద్వాంసుడు 1914లో అమెరికాలోని అలబామా రాష్ట్రంలో, బర్మింగ్‌హామ్‌లో పుట్టారు. నల్లవారికి బడి వేరు, బస్సులో సీటు వేరు అని చట్టమే గీత గీసిన ఊరు అది. తాను ఈ భూమికి చెందినవాణ్ణి కానని, శనిగ్రహం నుంచి వచ్చానని ఆయన చెప్పుకున్నారు. తళతళలాడే దుస్తులు తొడిగిన పెద్ద వాద్యబృందాన్ని దశాబ్దాలపాటు నడిపారు. దాన్ని వింత వేషంగా చూసేవాళ్లు ఉన్నారు. నేను అలా చూడలేను. భూమ్మీద చోటివ్వని సమాజంలో ఆకాశాన్ని సొంత ఊరుగా చెప్పుకోవడం వెనుక ఎంత బాధ, ఎంత ఆత్మగౌరవం ఉన్నాయో ఆలోచించండి. మీ రచనలకు గ్రహాల పేర్లు పెట్టేముందు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇక ఆలిస్ కోల్ట్రేన్. నేను ఎక్కువసేపు మాట్లాడాలనుకున్నది ఆమె గురించే. 1937లో డెట్రాయిట్‌లో పుట్టారు. చర్చిలో పియానో, ఆర్గన్ వాయిస్తూ పెరిగారు. భర్త జాన్ కోల్ట్రేన్ జాజ్ శాక్సఫోన్‌కు శిఖరం వంటి కళాకారుడు. సితార్ విద్వాంసుడు రవిశంకర్ మీద గౌరవంతో కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్న మనిషి. 1967లో ఆయన నలభై ఏళ్లకే చనిపోయారు. ఆ దుఃఖకాలం తర్వాత ఆలిస్ స్వామి సచ్చిదానందకు శిష్యురాలయ్యారు. 1971లో ఆ గురువు పేరుతో వచ్చిన ఆమె ఆల్బంలో మొదటి రచన వినండి. తంబూరా మోగుతూ ఉంటుంది. దాని మీద సెసిల్ మెక్‌బీ బేస్‌తో ఒకే చిన్న వరసను తిప్పి తిప్పి వాయిస్తారు. ఆ రెండింటినీ ఆనుకుని ఆమె హార్ప్ అనే తీగల వాద్యం, ఫారో శాండర్స్ శాక్సఫోన్ విహరిస్తాయి.

దీని విలువ తెలియాలంటే అంతకుముందు జాజ్ ఎలా నడిచిందో చూడాలి. కార్డులు, అంటే ఒకేసారి కలిసి మోగే స్వరాల గుంపులు, వెంటవెంటనే మారుతుంటే, వాటి మధ్య దారి చేసుకుంటూ అప్పటికప్పుడు అల్లే మనోధర్మం చూపించడం అప్పట్లో విద్వత్తుకు కొలత. 1959లో జాన్ కోల్ట్రేన్ ఆ పరుగును దాని చివరి అంచు దాకా తీసుకెళ్లారు. తర్వాత ఆయనే ఆ పరుగు ఆపి, ఒకే ఆధారం మీద ఎంతసేపు నిలబడగలమో వెతకడం మొదలుపెట్టారు. ఆలిస్ ఆ ఆధారాన్ని తంబూరాకు అప్పగించారు. ఆధార స్వరమైన షడ్జం కదలదు, అందుకే దాని మీద కదిలే ప్రతి స్వరానికీ బరువు వస్తుంది. డెట్రాయిట్‌లో పెరిగిన విద్వాంసురాలు ఇంత దూరం ప్రయాణించి చేరుకున్న ఈ చోట, మన విద్యార్థి మొదటి పాఠం రోజే కూర్చుంటాడు. చేతిలో ఉన్న ఆ సంపదను మనం గుర్తించడం లేదన్నదే నా ఆవేదన.

ఆమె తర్వాతి కాలంలో మన పుట్టపర్తి సత్యసాయిబాబాకు భక్తురాలై, కాలిఫోర్నియాలో ఆశ్రమం నడిపారు. అక్కడ సంస్కృత భజనలను సింథసైజర్‌తో, నల్లవారి చర్చి పాటల ఊపుతో పాడారు, పాడించారు. ఆ భజనలు వింటున్నప్పుడు ఎవరి సొత్తు ఎవరు తీసుకున్నారనే లెక్క నా మనసులోకి రాదు. ఆ గొంతులో భక్తి నిజం.

ఇప్పుడు మీ కల్యాణి దగ్గరకు వద్దాం. వీణ ఆ రాగానికి ముఖ్యమైన ప్రతిమధ్యమ స్వరం మీద నిలవబోయిన ప్రతిసారీ కింద సింథసైజర్ కార్డు మార్చేస్తోంది. రాగానికి కాలు మోపే చోటు లేదు. నా సలహా ఒక్కటే. ఆ కార్డులన్నీ తీసేసి ఒకే ఆధారం ఉంచండి. తంబూరాను ఫోను యాప్‌లోంచి తీసుకోకుండా, మనిషి మీటగా మైకు ముందు రికార్డు చేయండి. మనిషి మీటులో వచ్చే చిన్న చిన్న హెచ్చుతగ్గులే వీణకు ఊపిరి ఇస్తాయి. నిడివి పన్నెండు నిమిషాలు అయినా ఫరవాలేదు. మూడు నిమిషాల్లో ముగించాలన్న తొందర ఈ సంగీతానికి పనికిరాదు.

ఫంక్ విషయంలో మీకు నేను చెప్పవలసింది తక్కువ. మీ డ్రమ్మరుకు అది బాగా తెలుసు. సభలో ఉన్న మృదంగం విద్యార్థుల కోసం మాత్రం కొంచెం చెబుతాను. అప్పటిదాకా అమెరికా పాటల్లో ఎక్కువగా రెండో దెబ్బ మీద, నాలుగో దెబ్బ మీద బరువు పడేది. 1960ల మధ్యలో గాయకుడు జేమ్స్ బ్రౌన్ ఆ బరువును మొదటి దెబ్బకు తెచ్చారు. అక్కడ బృందమంతా కలవాలి, మధ్యలో ఎవరి దారి వారిది. నాలుగు దెబ్బలు, దెబ్బకు నాలుగు మాత్రలు, మొత్తం 16. మన భాషలో ఆ మొదటి దెబ్బ సమం, దెబ్బకు నాలుగు మాత్రల నడక చతురశ్ర గతి. పెద్ద దెబ్బల మధ్య డ్రమ్మరు స్నేర్ అనే డ్రమ్ము మీద వినీవినబడకుండా వేసే చిన్న చిన్న దెబ్బల్లోనే ఫంక్ ప్రాణం ఉంది. మృదంగం మీద కీర్తనకు వాయించేటప్పుడు మీరు నింపే మెత్తని చిన్న దెబ్బలను, అంటే సొల్లులను, గుర్తు చేసుకోండి. వినే పద్ధతి అదే.

1919లో ఇక్కడ విజయనగరంలో సంగీత కళాశాల మొదలైనప్పుడు దానికి తొలి అధ్యక్షులు ఆదిభట్ల నారాయణదాసుగారు. రెండు చేతులతో, రెండు పాదాలతో, శిరస్సుతో ఐదు వేర్వేరు తాళాలు నడిపి ఒకచోట ముగించేవారని ఆయనకు పంచముఖీ పరమేశ్వర అన్న బిరుదు వచ్చింది. ఫంక్ బృందంలో ఐదుగురు ఐదు దారుల్లో వెళ్లి మొదటి దెబ్బ దగ్గర కలుస్తారు. దాసుగారు ఆ ఐదుగురి పనినీ ఒక్క శరీరంతో చేశారు. ఆయన నడయాడిన ఊరిలో కూర్చుని, లయ కోసం కంప్యూటర్‌లో దొరికే, తిరిగి తిరిగి మోగే రెడీమేడ్ లూపులు తెచ్చుకోవడం నాకు నచ్చలేదు. రెండు ముక్కల్లో మీరు ఆ పని చేశారు. దయచేసి మార్చండి.

జముకు ముక్క ఎందుకు అంత బాగా కుదిరిందో ఇప్పుడు చెప్పగలను. ఉత్తరాంధ్రలో జముకుల కథ విన్నవాళ్లకు ఆ వాద్యం తెలుసు. తోలు మధ్యనుంచి వచ్చే తీగను ఒక చేత్తో బిగించి, రెండో చేత్తో మీటుతారు. బిగింపు పెరిగితే స్వరం పైకి పోతుంది, సడలిస్తే కిందికి జారుతుంది. అంటే ఒకే మీటులో దెబ్బా ఉంది, జారుడు స్వరమూ ఉంది. ఫంక్‌లో బేస్ గిటార్ చేసే పని కచ్చితంగా ఇదే. తాళం పట్టుకోవాలి, పాట కూడా పాడాలి. మీరు జముకును అలంకారంగా పైన చల్లలేదు, బేస్ బాధ్యతను దానికి అప్పగించారు. మిగతా వాద్యాలన్నీ దాన్ని విని నడవవలసి వచ్చింది. కలపడం అంటే నా దృష్టిలో ఇదే. తప్పెటగుళ్లు ఆడే బృందాల దగ్గరకు కూడా వెళ్లండి. గుండె మీద వాద్యం, కాళ్లకు గజ్జెలు, గొంతులో పాట, అన్నీ ఒకేసారి నడుపుతూ ఎగిరే ఆ కళాకారుల దగ్గర ఏ డ్రమ్మరైనా నేర్చుకోవలసింది ఉంటుంది.

సినిమా సంగీతానికి మన ప్రాంతం ఇచ్చినదాన్ని ఎంత చెప్పినా తక్కువే. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావుగారు, ఇదే ఊరిలో పుట్టిన పి. సుశీలగారు, ఇక్కడికి వచ్చి పట్రాయని సీతారామశాస్త్రిగారి దగ్గర నేర్చుకున్న ఘంటసాలగారు. వారి పాటల గురించి మనం ఎన్నో వ్యాసాలు రాసుకున్నాం. రీరికార్డింగ్ గురించి మాత్రం ఎంత వెతికినా నాలుగు మంచి మాటలు దొరకవు. పాట రానప్పుడు సినిమాలో వినిపించే సంగీతం సంగీతమే కానట్టు ప్రవర్తిస్తాం. మీ ఆల్బం ఆ లోటు మీదికి మా దృష్టి తిప్పితే అదొక్కటే చాలా పెద్ద మేలు.

అమెరికా సంగీతకారుడు ఐజాక్ హేస్ 1971లో ఒక డిటెక్టివ్ సినిమాకు కట్టిన పాట ఉంది. డ్రమ్స్‌లోని హైహాట్ అనే జంట తాళాల మీద పదహారు మాత్రల నడక, స్వరాన్ని మూలిగించే వావా పెడల్ తొక్కి వాయించిన గిటార్, ఆ తర్వాత వయొలిన్లు, హారన్లనే ఊదే వాద్యాలు ఒక్కొక్కటే వచ్చి చేరతాయి. రెండు నిమిషాలు దాటేదాకా గొంతు రాదు. ఆ పాటకు ఉత్తమ పాట ఆస్కార్ వచ్చింది. ఆ విభాగంలో ఆ బహుమతి అందుకున్న తొలి నల్ల కళాకారుడు ఆయన. లాలో షిఫ్రిన్ ఒక గూఢచారి సీరియల్‌కు కట్టిన వరస అయిదు దెబ్బల ఆవృతంలో నడుస్తుంది. దెబ్బకు రెండు మాత్రల చొప్పున లెక్కిస్తే మూడు, మూడు, రెండు, రెండు. మన అయిదు లెక్కల తాళమైన ఖండచాపుకు లెక్క సరిపోతుంది, విరుపు వేరు. చేతితో తాళం వేసుకుంటూ వింటే ఆ విరుపు వల్ల ఎంత ఉత్కంఠ పుడుతుందో తెలుస్తుంది. వీరిద్దరి దగ్గర మీరు నేర్చుకోవలసింది ఓపిక. మీ వయొలిన్లన్నీ మొదటి నిమిషంలోనే వచ్చేస్తున్నాయి. వాటిని దాచుకోండి.

సంప్రదాయం పలచబడుతుందన్న భయం ఈ సభలో కొందరి కళ్లలో నాకు కనిపిస్తోంది. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. అయితే మన కచేరీలో వయొలిన్ యూరప్‌నుంచి వచ్చింది. ఈ కళాశాలలోనే బోధించిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారు పక్కవాద్యంగా ఉన్న దాన్ని 1938లో వెల్లూరులో ఒంటరి కచేరీకి ఎక్కించారు. ఆయన వయొలిన్‌ను పరాయి వాద్యమని ఈ రోజు ఎవరైనా అంటారా? ఆయన దాన్ని మన శ్రుతికి, మన గమకానికి లొంగదీశారు. శాక్సఫోన్‌తోనూ అంత సాధన చేయండి, ఎవరూ అడ్డు చెప్పరు.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. జేమ్స్ బ్రౌన్ దగ్గర క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అనే డ్రమ్మరు ఉండేవారు. 1970లో విడుదలైన ఒక పాట మధ్యలో ఆయన కొద్ది క్షణాలపాటు ఒంటరిగా వాయించిన దెబ్బలను తర్వాతి తరం కళాకారులు వందలాది పాటల్లో వాడుకున్నారు. పాటకు కర్తగా ఆయన పేరు లేదు. అందుకని ఆ వాడకంలో ఆయనకు దక్కవలసిన సొమ్ము దక్కలేదు. ఆయన 2017లో చనిపోయారు. మీ జముకు కళాకారుడి విషయంలో అలా జరగకూడదు. ఆ వరస ఆయనది. అట్ట మీద ఆయన పేరు వాద్యకారుల జాబితాలో వేసి ఊరుకుంటే చాలదు, రచన చేసినవారిలో వేయాలి. రాబడిలో వాటా ఎంతో కాగితం మీద రాసి, ఆయనకు చదివి వినిపించి, ఆ తర్వాతే రికార్డు విడుదల చేయండి. ఆ కాగితం నాకు చూపించమని మీ అందరి ముందే అడుగుతున్నాను.

ఇప్పుడు జముకు ముక్క వేస్తారు. మృదంగం విద్యార్థులు నాలుగు దెబ్బల లెక్క చేతిలో వేసుకుంటూ వినండి. మొదటి దెబ్బ మీద ఎవరెవరు కలుస్తున్నారో, ఎవరు తప్పిపోతున్నారో గమనించండి. అయిపోయాక ముందు మీరు మాట్లాడాలి. తర్వాతే పెద్దలు.