అవకాశాలిచ్చే సంస్థకు మేనేజర్ కావాలి

శ్రోతలకు నమస్కారం.

చదువు మధ్యలో ఆగిపోయినవాళ్లకు, పని దొరకనివాళ్లకు, ఎటు అడుగు వెయ్యాలో తోచని యువతీయువకులకు దారి చూపే స్వచ్ఛంద సంస్థలు ప్రపంచమంతటా ఉన్నాయి. అలాంటి సంస్థకు మేనేజర్‌ను ఎలా ఎంచుకోవాలన్నది ఈ రోజు మన విషయం. పాలకమండలి సభ్యులు నలుగురు ఒక గదిలో కూర్చుని తేల్చేసే వ్యవహారంలా ఇది పైకి కనిపిస్తుంది. కానీ ఆ ఎంపిక మంచిదైనా చెడ్డదైనా దాన్ని అనుభవించేది ఆ గదిలో లేనివాళ్లు. వాళ్లు కొద్దిమందేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్క ప్రకారం 2023లో 15 నుంచి 24 ఏళ్ల వయసువాళ్లలో ప్రతి ఐదుగురిలో ఒకరు చదువుకోవడం లేదు, పని చెయ్యడం లేదు, ఏ శిక్షణలోనూ లేరు. ఈ వాటా అబ్బాయిల్లో కంటే అమ్మాయిల్లో రెట్టింపుకు పైగా ఉంది.

ముందు ఉద్యోగ ప్రకటన దగ్గర ఆగుదాం. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. "డిగ్రీ లేకపోయినా నీలో సత్తా ఉంది" అని యువతకు చెప్పే సంస్థ, తన మేనేజర్‌కు మాత్రం పోస్ట్‌గ్రాడ్యుయేషన్ తప్పనిసరి అంటుంది. "అనుభవం లేదని మిమ్మల్ని తిప్పి పంపుతున్నారు, అది అన్యాయం" అని వాదించే సంస్థ, ఇదే హోదాలో పదేళ్ల అనుభవం కావాలని రాస్తుంది. ఆ ప్రకటనను సంస్థలో శిక్షణ పొందుతున్న పిల్లలు కూడా చదువుతారు. తమకు చెప్పిన మాటల్లో సంస్థ దేన్ని నమ్ముతోందో వాళ్లకు అక్కడే తెలిసిపోతుంది.

పైగా అనుభవాన్ని ఏళ్లలో కొలవడం వల్ల ఎంపిక మెరుగుపడదని పరిశోధనలు చెబుతున్నాయి. ఫ్రాంక్ ష్మిట్, జాన్ హంటర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు 85 ఏళ్ల పరిశోధనలను కూర్చి 1998లో ఒక విశ్లేషణ ప్రచురించారు. పాల్ సాకెట్ బృందం ఆ లెక్కలను సరిచూసి 2022లో మరొకటి వెలువరించింది. ఉద్యోగంలో ఎవరు రాణిస్తారో ముందుగా పసిగట్టడానికి అనుభవం ఎన్నేళ్లన్నది పెద్దగా పనికిరాదని రెండింటిలోనూ తేలింది. అందరినీ ఒకే ప్రశ్నలు అడిగి, ముందే రాసిపెట్టుకున్న ప్రమాణాలతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, 2022 విశ్లేషణలో అన్ని పద్ధతులకన్నా ముందు నిలిచింది. నోటికొచ్చిన ప్రశ్నలతో సాగే ఇంటర్వ్యూ దానికి చాలా వెనకబడింది.

దరఖాస్తులు వచ్చాక, మొదటి వడపోతలో పేర్లు, చదివిన కళాశాలలు కనబడకుండా చూడండి. మరియాన్ బెర్ట్రాండ్, సెంధిల్ ముల్లైనాథన్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలోని బోస్టన్, షికాగో నగరాల్లో ఉద్యోగ ప్రకటనలకు సుమారు 5,000 కల్పిత దరఖాస్తులు పంపి, ఏమైందో 2004లో ప్రచురించారు. అర్హతలు ఒకే తీరుగా ఉన్నా, తెల్లజాతివారివని తోచే పేర్లకు నల్లజాతివారివని తోచే పేర్లకంటే 50 శాతం ఎక్కువ పిలుపులు వచ్చాయి. మనం సహాయం చేసే యువత రోజూ తల బాదుకునే గోడ ఇదే. అదే గోడను మన కార్యాలయంలో కట్టుకోకూడదు కదా!

ఇంతకీ ఈ మేనేజర్ చేసే పని ఏమిటి? పొద్దున దాతలకు ఖర్చుల నివేదిక రాయాలి. మధ్యాహ్నం, నేరచరిత్ర ఉన్న కుర్రాణ్ని అప్రెంటిస్‌గా తీసుకోవడానికి జంకుతున్న యజమానిని ఒప్పించాలి. సాయంత్రం, రావడం మానేసిన పిల్ల ఎందుకు మానేసిందో కనుక్కోవాలి. మొదటిది నేర్పితే వస్తుంది. రెండోదానికి ఓపిక కావాలి. మూడోదాన్ని తన పనిగా భావించని మనిషి ఈ కుర్చీలో కూర్చుంటే, కాగితాల్లో అన్నీ సక్రమంగానే ఉంటాయి. తరగతి గది మాత్రం నెమ్మదిగా ఖాళీ అవుతుంది.

అందుకే ఇంటర్వ్యూలో "మీ బలాలేమిటి, బలహీనతలేమిటి" అన్న ప్రశ్న వదిలేసి, జరిగే సంగతి అడగండి. "క్రమం తప్పకుండా వచ్చే ఒక అమ్మాయి వారం నుంచి రావడం లేదు, ఫోన్ ఎత్తడం లేదు. మీరేం చేస్తారు?" ఈ ప్రశ్నకు వచ్చే జవాబులు శ్రద్ధగా వినాలి. హాజరు నిబంధనలు గుర్తుచేస్తూ ఉత్తరం పంపుతానని ఒకరంటారు. వెంటనే ఇంటికి వెళతానని మరొకరంటారు. వినడానికి ఇది బాగుంటుంది కానీ, ఆ అమ్మాయికి ఇంట్లోనే ప్రమాదం ఉంటే? ఆమెతో చనువున్న శిక్షకురాలెవరో మొదట కనుక్కుంటాను, ఆ అమ్మాయిని సంప్రదించే సురక్షితమైన దారి ఉందేమో చూస్తాను, తిరిగొస్తే సంజాయిషీ అడగకుండా చోటు ఉంచుతాను అని చెప్పేవాళ్లుంటారు. వాళ్ల డిగ్రీ ఏదైనా సరే, నేను వాళ్లకు ఎక్కువ మార్కులు వేస్తాను.

దానితోపాటు ఒక గంట పని ఇవ్వండి. నిధుల్లో మూడో వంతు కోతపడింది, నడుస్తున్నవి మూడు కార్యక్రమాలు, ఏది ఉంచుతారు, ఏది ఆపుతారు, ఆ సంగతి పిల్లలకు ఎలా చెబుతారు? ఈ చివరి భాగంలోనే మనిషి తెలిసిపోతాడు. అయితే మీ సంస్థకు నిజంగా అవసరమైన ప్రణాళికను మాత్రం అభ్యర్థులతో ఉచితంగా రాయించుకోవద్దు.

ఇప్పుడు నేను గట్టిగా పట్టుబట్టే మాట: ఎంపిక కమిటీలో యువత ఉండాలి. బాలల హక్కుల ఒడంబడికను ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించింది. తమకు సంబంధించిన విషయాల్లో తమ అభిప్రాయం చెప్పే హక్కు, దానికి తగిన విలువ పొందే హక్కు పిల్లలకు ఉన్నాయని అందులోని 12వ అధికరణం అంటుంది. 18 దాటినవాళ్లకు ఆ మాట ఇంకెంత వర్తించాలి! రోజర్ హార్ట్ అనే పరిశోధకుడు 1992లో యూనిసెఫ్ కోసం రాసిన పత్రంలో పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించాడు. కింది మూడు మెట్లు అసలు భాగస్వామ్యమే కాదన్నాడు. వాళ్లను వాడుకోవడం, అలంకారంగా నిలబెట్టడం, పేరుకు కూర్చోబెట్టడం అవి. ఫోటో కోసం ఒక కుర్రాణ్ని బల్ల చివర కూర్చోబెడితే మనమూ ఆ కింది మెట్ల మీదే ఉన్నట్టు.

కాబట్టి ఇద్దరు ముగ్గురిని తీసుకోండి. ఒక్కరే అయితే పెద్దల మధ్య నోరు పెగలదు. మార్కులు ఎలా వెయ్యాలో, గోప్యత ఎందుకు పాటించాలో ముందురోజే నేర్పండి. వాళ్ల మార్కులకు ఎంత విలువ ఉంటుందో మొదటే నిజం చెప్పండి. వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వండి. జవాబు చెప్పేటప్పుడు అభ్యర్థి వాళ్ల కళ్లలోకి చూస్తున్నారా, లేక వాళ్లడిగిన ప్రశ్నకు కూడా అధ్యక్షుడి వైపే తిరిగి జవాబిస్తున్నారా అన్నది గమనించండి. ఏ దరఖాస్తులోనూ కనబడని సమాచారం అది.

భద్రత విషయంలో మొహమాటానికి తావు లేదు. ఇంగ్లండ్‌లోని సోహమ్‌లో 2002లో ఒక బడి భవనాల బాగోగులు చూసే ఉద్యోగి ఇద్దరు పదేళ్ల బాలికలను చంపాడు. అతనిపై అంతకుముందే వచ్చిన ఆరోపణల సమాచారం అతణ్ని ఉద్యోగంలోకి తీసుకున్నవాళ్లకు చేరలేదు. ఆ ఘటన తర్వాత జరిపిన బిచార్డ్ విచారణపై 2004లో వెలువడిన నివేదికే అక్కడ నియామక తనిఖీల తీరు మార్చింది. మీ దేశంలో చట్టం ఎంతవరకు అడిగినా సరే, పాత యజమానులతో మీరే నేరుగా మాట్లాడండి. దరఖాస్తులో ఖాళీ ఉన్న ఏళ్ల గురించి అడగండి. "ఈ వ్యక్తికి మళ్లీ పిల్లల బాధ్యత అప్పగిస్తారా?" అన్న ప్రశ్న వెయ్యండి. బాగా తెలిసినవాడే కదా అని ఈ మెట్టు దాటెయ్యకండి. సంస్థకు పెద్ద దాత సిఫారసు చేసినా సరే, దాటెయ్యకండి.

జీతం ప్రకటనలోనే రాయండి. సేవ కదా అని జీతం తగ్గిస్తే, తక్కువ జీతంతో గడవగలిగినవాళ్లే దరఖాస్తు పెడతారు. కష్టం తెలిసిన ఇంటినుంచి వచ్చినవాళ్లు ప్రకటన చూసి పక్కకు వెళ్లిపోతారు.

ఇక ఎంపిక కానివాళ్ల సంగతి. వాళ్లలో మీ దగ్గరే శిక్షణ పొంది, ధైర్యం చేసి దరఖాస్తు పెట్టినవాళ్లూ ఉండవచ్చు. ఇంటర్వ్యూ దాకా వచ్చిన ప్రతి ఒక్కరికీ ఫోన్ చేసి ఎక్కడ మార్కులు తగ్గాయో చెప్పండి. మిగిలినవాళ్లందరికీ, చెప్పిన తేదీలోగా, ఉత్తరం రాయండి.

నమస్కారం.