పిల్లల తప్పును ముందే చెప్పే ప్రోగ్రాము
(అమలాపురంలో లెక్కల ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగం)

మిత్రులందరికీ నమస్కారం.

బోర్డు మీద ఒక తీసివేత వేస్తున్నాను: 305లోంచి 128. జవాబు 177. ఒక పిల్లాడు 223 వేశాడనుకోండి, ఒక పాప 277 వేసింది. మనం రెండింటికీ ఇంటూ కొట్టి, "జాగ్రత్తగా చెయ్యండమ్మా" అంటాం. కానీ ఇద్దరూ జాగ్రత్తగానే చేశారు. పిల్లాడు ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోంచి చిన్నది తీసేస్తున్నాడు: ఎనిమిదిలోంచి అయిదు, రెండులోంచి సున్నా. పాపకు అప్పు తెచ్చుకోవడం వచ్చు. సున్నాను తొమ్మిది చేసింది గానీ, పక్కనున్న మూడును రెండు చెయ్యలేదు.

ఇలాంటి తప్పుడు పద్ధతులను జాన్ సీలీ బ్రౌన్, రిచర్డ్ బర్టన్ అనే అమెరికా పరిశోధకులు కంప్యూటర్ ప్రోగ్రాములుగా రాసి, 1978లో ప్రచురించారు. ఇప్పుడు 402లోంచి 156 తీయమందాం. పిల్లాడి పద్ధతిలో 354 రావాలి, పాప పద్ధతిలో 346 రావాలి. వాళ్లు పెన్సిల్ పట్టకముందే చెప్పేస్తున్నాం! "అజాగ్రత్త" అనే మాట ఏ తప్పుకైనా సరిపోతుంది. ప్రోగ్రాము అలా కాదు, చెప్పిన అంకె రాకపోతే ఓడిపోయినట్టే. అందుకే దాన్ని సిద్ధాంతం అంటాను. మనిషి ఆలోచనను కంప్యూటర్ ప్రోగ్రాముగా రాసి చూసిన అమెరికా శాస్త్రవేత్తలు అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ 1950ల నుంచీ వేసిన దారే ఇది. మనుషుల్ని పైకి మాట్లాడుతూ సమస్య సాధించమని చెప్పి, ఆ మాటల పక్కన ప్రోగ్రాము నడిచిన మెట్లు పెట్టి చూశారు.

మరి తప్పు ఎక్కడ పుడుతుంది? 1980లో బ్రౌన్, కర్ట్ వాన్‌లేన్ చెప్పినదాని ప్రకారం, నేర్చుకున్నది అడ్డం తిరిగిన చోట పిల్లలు ఆగిపోరు, ఏదో ఒక అతుకు వేసుకుని ముందుకు పోతారు. ఈ మాట నాకెంతో ఇష్టం. పిల్లల బుర్ర మీద గౌరవం ఉన్నవాళ్లే అలా అనగలరు.

అయితే ఒక పేచీ ఉంది. బ్రెజిల్‌లోని రెసీఫె వీధుల్లో సరుకులమ్మే పిల్లల మీద 1985లో ఒక పరిశోధన వచ్చింది. కొబ్బరికాయ 35 చొప్పున పది కాయలెంతని అడిగితే ఒక అబ్బాయి "మూడు 105, ఇంకో మూడు 210" అంటూ కూడుకుని 350 చెప్పాడు. ఆ పిల్లలు వీధిలో నూటికి 98 లెక్కలు సరిగ్గా చెప్పారు. కాగితం మీద ఉత్త అంకెలిస్తే నూటికి 37 మాత్రమే. అంటే తీసివేత ప్రోగ్రాము పలకమీది పద్ధతికి సిద్ధాంతం. పిల్లల తలలో ఉన్న లెక్కంతటికీ కాదు.

మన బడుల్లోనూ కొబ్బరి దింపులకు వెళ్లే ఇళ్ల పిల్లలున్నారు. 277 వేసిన పాపను పిలిచి, 305 కాయల రాశిలోంచి 128 బండికెత్తితే ఎన్ని మిగులుతాయో నోటితో చెప్పమనండి. చెబుతున్నప్పుడు మధ్యలో సరిదిద్దకండి. ఆమె అన్న మాటలు అన్నట్టుగా రాసి నాకివ్వండి.