తారు చెరువు, ఎర్ర పక్షులు: ట్రినిడాడ్ కబుర్లు

స్వాతి: ఒరేయ్ కిరణ్, తారు చెరువు అంటున్నావు, మన రోడ్లకి వేసే తారేనా?

కిరణ్: అలాంటిదే అక్కా! కరీబియన్ దీవి ట్రినిడాడ్‌లో లా బ్రియా అనే ఊళ్ళో ఉంది, పిచ్ లేక్ అంటారు, దాదాపు 100 ఎకరాలు. భూమి లోపల్నుంచి చమురు ఊరి పైకొచ్చి, పల్చటిదంతా ఆవిరైపోయి చిక్కటిది మిగిలిందన్నమాట. 1595లో ఇంగ్లీషు నావికుడు వాల్టర్ రాలీ వచ్చినప్పుడు ఈ తారుతోనే ఓడల సందులు పూడ్చుకున్నాడు.

స్వాతి: దాని మీద నడిస్తే కాళ్ళు దిగబడవా?

కిరణ్: చాలా చోట్ల గట్టిగానే ఉంటుంది, ఏనుగు తోలులా ముడతలు ముడతలుగా. కానీ మధ్యలో మెత్తటి చోట్లుంటాయి, చూస్తే తేడా తెలీదు, అందుకే గైడ్ లేకుండా అడుగు పెట్టొద్దు. వానాకాలంలో గుంటల్లో గంధకం నీళ్ళు నిలుస్తాయి, ఒంటికి మంచిదని అక్కడివాళ్ళు స్నానాలు చేస్తారు కూడా.

స్వాతి: ఇంకా ఏం చూడాలి?

కిరణ్: కరోని స్వాంప్ అనే చిత్తడి నేల! నన్నడిగితే ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే బీచ్ వదిలేసి ఇక్కడికే పోవాలి. మడ అడవుల మధ్య బోటు మెల్లగా పోతుంటే కొమ్మల మీద పాములు చుట్టలు చుట్టుకుని పడుకునుంటాయి, గైడ్ చూపిస్తే గానీ కనపడవు, తర్వాత మడుగు వెడల్పవుతుంది, పొద్దుగూకే వేళకి స్కార్లెట్ ఐబిస్‌లనే ఎర్ర పక్షులు గుంపులు గుంపులుగా వచ్చి ఒక దీవి మీద వాలతాయి, చూస్తుండగానే పచ్చటి చెట్లన్నీ ఎర్రగా అయిపోతాయి అక్కా, అబ్బ!

స్వాతి: అంత ఎరుపు ఎలా వస్తుందిరా?

కిరణ్: తిండి వల్ల. అవి తినే పీతలు, రొయ్యల్లో ఉండే కెరోటినాయిడ్లనే రంగు పదార్థాల వల్లే ఈకలకి ఆ ఎరుపు. పిల్ల పక్షులు బూడిద రంగులో ఉంటాయి.

స్వాతి: మనవాళ్ళు కూడా ఎప్పుడో అక్కడికెళ్ళారు కదా.

కిరణ్: అవును, 1845లో మనదేశం నుంచి కూలీలతో మొదటి ఓడ వెళ్ళింది. తర్వాత మద్రాసు నుంచి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాటర్‌లూ అనే ఊళ్ళో సముద్రంలో గుడి తప్పకుండా చూడాలి. శివదాస్ సాధు అని చెరకు కూలీ, కంపెనీ స్థలంలో గుడి కట్టాడని కూల్చేసి జైల్లో పెట్టారు. సముద్రం ఎవరి సొంతం కాదు కదా అని రాళ్ళు మోసుకెళ్ళి నీళ్ళల్లోనే కట్టాడు! ఇప్పుడున్నది 1995లో మళ్ళీ కట్టింది. నాకైతే అక్కడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

స్వాతి: వెళ్ళేవాళ్ళకి ఏదైనా చెప్తావా?

కిరణ్: కరోని బోట్లు సాయంత్రం నాలుగింటికల్లా బయల్దేరతాయి, లేటవ్వొద్దు. పక్షులు బెదరకుండా బోటు దూరంగానే ఆపుతారు, బైనాక్యులర్స్ పట్టుకెళ్ళండి, దోమల మందు కూడా.